బల్ల మీదికి చేరని మాస్టారు

చనిపోయాక తన శరీరం ఎక్కడికి వెళ్ళాలో మా జంతుశాస్త్రం మాస్టారు ముందే కాగితం మీద రాసి సంతకం పెట్టారు. కింద మేమిద్దరం సాక్షి సంతకాలు చేశాం. ఒకరు ఆయన భార్య, రెండోవాణ్ణి నేను. ఆ శరీరం అక్కడికి వెళ్ళలేదు. ఎందుకు వెళ్ళలేదో బందరులో రకరకాలుగా చెప్పుకున్నారు. చర్చి సంఘం పెద్దలు అడ్డుపడ్డారని కొందరు, చివర్లో ఆయనే మనసు మార్చుకున్నారని కొందరు. రెండూ నిజం కాదు.

ఇంటర్ రెండో ఏడు ఆయన దగ్గర కప్పను కోశాను. ప్రాక్టికల్స్ ఉన్న రోజు కాలేజీ అటెండరు తెల్లారకుండానే పొలాల గట్ల వెంట తిరిగి గోనెసంచిలో కప్పలు పట్టుకొచ్చేవాడు. మైనం పోసిన ట్రేలో కప్పను వెల్లకిలా పడుకోబెట్టి నాలుగు కాళ్ళకూ గుండుసూదులు గుచ్చాలి. నా చేతిలో కత్తెర చర్మం దగ్గర ఆగకుండా లోపలికి దిగింది. పొట్ట మధ్యలో నిలువుగా పోయే సిర తెగి ట్రే అంతా ఎర్రబడింది. ఇక అందులో ఏదీ కనిపించదు. మాస్టారు వచ్చి చూశారు.

“ఏంట్రా ఇది? కప్పని కొయ్యమన్నానా, కూరకి తరగమన్నానా?”

క్లాసంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. ఇంకో కప్పను తెప్పించి, నా చెయ్యి పట్టుకుని, చర్మాన్ని ముందు ఫోర్సెప్స్‌తో పైకెత్తించారు. అలా ఎత్తి పట్టుకుంటే కిందున్నదానికి దెబ్బ తగలదు. ముందు చర్మం, తర్వాత కండ, ఆ తర్వాతే లోపలివి. ఆ రోజు గుండె ఇంకా కొట్టుకుంటూ ఉండగా చూశాను. డాక్టరునవుతానని మా ఇంట్లో అనుకున్నారు. కాలేదు. డిగ్రీ అయ్యాక గుడివాడలో ఒక దినపత్రికకు విలేకరిగా చేరాను.

గుడివాడలో నా పొద్దు పోలీస్ స్టేషన్లో మొదలై ఆసుపత్రి వెనక శవాల గది దగ్గర ముగిసేది. పెదపారుపూడి నుంచో, బంటుమిల్లి వైపు చేపల చెరువుల మీంచో ఎవరినో తెచ్చేవారు. ప్రమాదం, పురుగుమందు, పాముకాటు. బయట వేపచెట్టు కింద ఇంటివాళ్ళు కూర్చునేవారు. నేను నోట్‌బుక్ తీసుకుని వెళితే వాళ్ళు నన్ను ఆసుపత్రి మనిషి అనుకునేవారు. అందరూ ఒకటే అడిగేవారు.

“కోత ఎక్కువ పెడతారాండీ?”

మనిషి ఎలా పోయాడన్నది కాదు, ఎప్పుడిస్తారన్నది కూడా కాదు. కోత ఎంత పెడతారు, మొహం మీద పెడతారా, కుట్లు కనపడతాయా. ఆ మాట పలికేటప్పుడు వాళ్ళ గొంతు ఎంత కిందికి దిగేదో నాకు తెలుసు. ఏళ్ళ తరబడి విన్నాను. తెలిసే ఆ తర్వాతి పని చేశాను కాబట్టి ఇక్కడ రాయాల్సి వచ్చింది.

చాలా ఏళ్ళకి బందరు బదిలీ అయి వచ్చేసరికి మాస్టారు రిటైరయ్యారు. రోజూ సాయంత్రం కోనేరు సెంటర్ దగ్గర టీకొట్లో కూర్చునేవారు. చేతిలో మా పేపరు, జేబులో ఎర్ర బాల్‌పెన్ను. నన్ను చూడగానే బెంచీ మీద పక్కకి జరిగి, నా వార్త మీద పెన్ను పెట్టేవారు.

“‘అశ్రునయనాల మధ్య అంత్యక్రియలు’ అన్నావు. ఎవరి నయనాల్రా? నువ్వెళ్ళావా అసలు?”

“వెళ్ళలేదు మాస్టారూ. ఫోన్లో చెప్పారు.”

“నయనాల సంగతి కూడా ఫోన్లోనే చెప్పారా?”

టీకొట్టాయన గ్లాసులు కడుగుతూ నవ్వేవాడు. మాస్టారు వాక్యాన్ని ముక్కలు చేసి, ఏ ముక్క నేను చూసి రాసింది, ఏది విని రాసింది, ఏది అలవాటుగా పడిపోయింది అని విడివిడిగా చూపించేవారు. మంటగా ఉండేది. మళ్ళీ మర్నాడు వెళ్ళేవాణ్ణి. ఎన్నికల తర్వాత ఒకసారి ‘ఓటమిపై పోస్టుమార్టం’ అని రాస్తే చాలాసేపు తగులుకున్నారు. పోస్టుమార్టం తప్పెవరిదో తేల్చడానికి చేస్తారట. డిసెక్షన్ నేర్చుకోవడానికి చేస్తారట. “మీ పేపరోళ్ళకి మొదటిదే వచ్చు. రెండోది రాదు” అన్నారు. అందరి ముందూ అన్నారు. ఆయన మంచివారే కానీ మెత్తనివారు కాదు.

బందరుకు మెడికల్ కాలేజీ వచ్చాక ఆయన మొహంలో కొత్త కళ వచ్చింది. ఏదో పని కల్పించుకుని అక్కడికి వెళ్ళేవారు. అనాటమీ విభాగంలో ఒక మేడమ్‌ను పరిచయం చేసుకున్నారు. పాఠానికి శవాలు చాలటం లేదని, ఒక్క బల్ల చుట్టూ పిల్లలు మూడు వరసల్లో నిలబడుతున్నారని, వెనక వరసవాళ్ళకి ముందువాళ్ళ భుజాలు తప్ప ఏం కనపడటం లేదని ఆవిడ చెప్పారట. ఆ వారమే నన్నూ, భార్యనూ ఆటోలో ఎక్కించుకుని తీసుకువెళ్ళారు. మేడమ్ అంగీకార పత్రం ముందు పెట్టి, ఎందుకిస్తున్నారు మాస్టారూ అని మర్యాదకు అడిగారు.

“ముప్ఫయ్యేళ్ళు కప్పల్ని కోయించానమ్మా. ఇంక నన్ను కోసుకోండి. బాకీ తీరిపోద్ది.”

మేడమ్ నవ్వారు. ఆయన భార్య నవ్వలేదు. సంతకం పెట్టేటప్పుడు పెన్ను ఒకసారి ఎత్తి, ఆయన మొహం చూసి, మళ్ళీ పెట్టారు.

“ఒక్కటి చెప్పండి మేడమ్,” అన్నారు ఆవిడ. “ఆ రోజు మా ఇంట్లోవాళ్ళు ఒద్దంటే?”

“ఒద్దంటే మేం తీసుకోమమ్మా. ఎవరినీ బలవంతపెట్టం. మీరు ఫోన్ చేస్తేనే బండి వస్తుంది. అయితే ఆలస్యం చెయ్యకూడదు.”

బయటికొచ్చాక మాస్టారు నా భుజం మీద చెయ్యి వేశారు. “వార్త రాసుకో. నన్ను చూసి ఇంకొకడు ముందుకొస్తాడేమో. కానీ ఆ కోసుకోమన్న మాట రాయకు. దివిసీమలో మా అక్కుంది. దాని చెవిన పడితే తట్టుకోలేదు. నేనే వెళ్ళి నిదానంగా చెప్తాను.”

సరేనన్నాను.

ఆ సాయంత్రం వార్త రాశాను. మర్యాదైన వార్తే. వైద్య విద్యార్థుల కోసం విశ్రాంత అధ్యాపకుడి దేహదానం. చదివి చూసుకుంటే చప్పగా ఉంది. అలాంటివి రోజుకు నాలుగు వస్తాయి, లోపలి పేజీలో మూల పడతాయి. చివరి పేరాలో ఆ మాట చేర్చాను. నవ్వుతూ అన్నారని కూడా రాశాను, ఎవరూ తప్పుగా అనుకోకుండా. పొద్దున్నే పేపరు తెరిస్తే జిల్లా పేజీ మొదట్లో మాస్టారి ఫొటో, పక్కన రంగు పెట్టెలో పెద్ద అక్షరాలు. ‘నన్ను కోసుకోండి!’ నవ్వుతూ అన్న సంగతి చోటు చాలక ఎగిరిపోయింది.

ఆ శీర్షిక ఆఫీసులో వార్తలు దిద్దే డెస్కు పెట్టిందని నేను ఆయనకు చెప్పాను. నిజమే, డెస్కే పెట్టింది. వాళ్ళకి ఆ ముక్క ఇచ్చింది నేను.

రెండ్రోజుల తర్వాత ఇంటికి రమ్మన్నారు. తిడతారనుకుని వెళ్ళాను. వరండాలో ఆ వార్త పడిన పేపరు ఒళ్ళో పెట్టుకుని ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. నల్లగా, ఎముకలు తేలి, చెప్పుల్లేకుండా. అవనిగడ్డలో బస్సెక్కి వచ్చిన మాస్టారి అక్క. ఆవిడకు చదువు రాదు. ఊళ్ళో ఎవరో చదివి వినిపించి, నీ తమ్ముణ్ణి కోడిని కోసినట్టు కోస్తారని చెప్పారట.

“పేపరాయనివి నువ్వేనా?” అంది నన్ను చూసి.

“నేనేనమ్మా.”

“కూర్చో నాయనా. నువ్వూ విను.” తమ్ముడి వైపు తిరిగింది. “ఒరే, ఉప్పెన వచ్చినప్పుడు నువ్వెక్కడున్నావు?”

డెబ్బై ఏడు ఉప్పెన రోజున మాస్టారు బందరు హాస్టల్లో ఉన్నారని నాకు తెలుసు.

“చదువుకుంటున్నావు. నువ్వొచ్చేసరికి నాలుగు రోజులైంది. ఆ నాలుగు రోజులూ అమ్మ కోసం గట్ల మీద పడున్నోళ్ళని ఒక్కొక్కళ్ళనీ తిప్పి చూశాను. గాజులు చూసి, రవిక చూసి. దొరకలేదు. అందర్నీ కలిపి కాల్చేశారు. ఏ కుప్పలో కాలిందో తెలీదు. పండక్కి అందరూ సమాధుల దగ్గర కొవ్వొత్తులు పెడతారు. నేనెక్కడ పెట్టాలిరా? అమ్మకి లేదు. నీకూ లేకుండా చేస్తావా?”

“అక్కా, వాళ్ళని పేరు తెలీక కాల్చారు. నేను పేరు రాసిచ్చి వెళ్తున్నాను.”

“పేరు తీసేసి నెంబరు కడతారంటగా?”

మాస్టారు తల దించుకున్నారు. ఆ సంగతి ఆవిడకు ఎవరు చెప్పారో కానీ నిజమే చెప్పారు. ఆయన భార్య లోపలినుంచి మజ్జిగ తెచ్చి, “తాగండి వదినగారూ, ఎండలో వచ్చారు” అన్నారు. పెద్దావిడ తాగలేదు. గ్లాసు పక్కన పెట్టి కొంగుతో తమ్ముడి మోకాలి మీద దుమ్ము తుడిచింది.

నన్ను గేటు దాకా పంపుతూ మాస్టారు తిట్టలేదు. “దానిది తప్పు కాదురా. నాదీ కాదు. కానీ నాకది కావాలి. ముప్ఫయ్యేళ్ళు పిల్లల్ని బల్ల చుట్టూ నిలబెట్టాను. ఆ బల్ల మీద పడుకోవాలనుంది. నేను పోయిన రోజు మా ఆవిడ ఒక్కతే వీళ్ళందరినీ కాదనలేదు. నువ్వు పక్కనుండి గట్టిగా చెప్పాలి. చెప్తావుగా?”

“చెప్తాను మాస్టారూ.”

తిట్టినా బాగుండేది.

ఆ తర్వాత కొన్ని నెలలు ఊరు ఆయన్ని వదల్లేదు. ఎక్కడ చూసినా అదే. కాలేజీవాళ్ళు ఎంతో ముట్టజెప్పారని ఒకరు, ఇంట్లో భార్యాభర్తలకు పడట్లేదని ఒకరు, సమాధి ఖర్చు మిగుల్చుకుంటున్నాడని ఒకరు. ఆయన నమ్మకం, ఆయన పుట్టుక, తండ్రి చేసిన కూలి, చదువు చెప్పించిన క్రైస్తవ మిషన్, అన్నీ బయటికి తీసి చూశారు. బతికున్న మనిషికి పోస్టుమార్టం చేశారు. నేను ఆ మాట అంటే ఆయన ఒప్పుకునేవారేమో. ఒక సాయంత్రం టీకొట్లో సంఘం పెద్ద ఒకాయన, ఆయనకు వరసకు బావ, అందరూ వినేట్టు అన్నాడు:

“ఏం బావా, పునరుత్థానం రోజున ముక్కలన్నీ ఏరుకోడానికి సంచి తెచ్చుకుంటావా?”

“సముద్రంలో పోయినోళ్ళని లేపగలిగినాయన నన్ను లేపలేడా బావా?”

నవ్వులు ఆగిపోయాయి. మాస్టారు కూడా ఆ మాట అన్నాక టీ సగంలో వదిలేసి లేచారు. మర్నాటినుంచి అక్కడికి రాలేదు.

వానాకాలం మొదట్లో ఒక పొద్దున ఆరింటికి ఆయన భార్య ఫోన్ చేశారు. స్నానానికి నీళ్ళు తోడుకుంటూ పడిపోయారట. డాక్టరు వచ్చి చూసి, ప్రాణం లేదని చెప్పి వెళ్ళారట. నేను వెళ్ళేసరికి ఆయన్ని ముందు గదిలో చాప మీద పడుకోబెట్టారు. ఇరుగుపొరుగు నలుగురు ఉన్నారు. ఆవిడ చేతిలో ఆ అంగీకార పత్రం నకలు ఉంది. మడత పెట్టకుండా పట్టుకున్నారు.

“తమ్ముడూ, ఫోన్ చెయ్యమంటావా?”

అప్పుడు టైము ఏడు. అవనిగడ్డ వైపునుంచి వచ్చేవాళ్ళు ఇంకా బస్సు కూడా ఎక్కి ఉండరు. ఆవిడ నంబరు నొక్కితే చాలు. అరగంటలో బండి వచ్చేది. ఈ లెక్కంతా అక్కడ నిలబడే వేసుకున్నాను. దాంతోపాటు ఇంకోటి కూడా వచ్చింది. బండి వెళ్ళిపోయాక ఆ పెద్దావిడ వస్తుంది. ఖాళీ చాప చూస్తుంది. తర్వాత నావైపు చూస్తుంది.

“మీ వదినగారిని కూడా రానివ్వండి,” అన్నాను. “కూర్చుని మాట్లాడదాం. పెద్దావిడకి చెప్పకుండా పంపితే బాగోదు.”

ఆవిడ నన్ను ఒక క్షణం చూశారు. తర్వాత తలూపారు.

పదింటికి వచ్చారు. అక్క, ఆవిడ కొడుకు, ఇంకో నలుగురు. ఆవిడ అరుస్తుందనుకున్నాను. గోల చేస్తే నేను కూడా ఏదో ఒకటి అనేవాణ్ణేమో. ఆవిడ అరవలేదు. చాప చివర కూర్చుని తమ్ముడి పాదాలు రెండూ ఒళ్ళోకి తీసుకుంది. అంతే. గంటసేపు అలాగే కూర్చుంది. పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేశారు. భూస్థాపన ఎక్కడన్నది ఎవరో అడిగారు. గదిలో అందరూ మాస్టారి భార్య వైపు చూశారు. ఆవిడ నావైపు చూశారు. కాగితం ఇంకా చేతిలోనే ఉంది.

నేను మూడు దశాబ్దాలుగా మంత్రుల్ని, ఎస్పీల్ని నిలబెట్టి ప్రశ్నలడిగినవాణ్ణి. జేబులోంచి ఫోన్ తీసి ఏదో వచ్చినట్టు దాంట్లోకి చూశాను.

“మీ ఇష్టమమ్మా,” అన్నాను.

ఆవిడ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టారు. “సరే వదినగారూ. మన ఊరికే తీసుకెళ్దాం” అన్నారు.

దివిసీమలో, ఊరి చివర, వరిచేల పక్కన తవ్వారు. వానలు పడి నేల నాని ఉంది. మూడడుగులు దిగేసరికి ఊట మొదలైంది. ఇద్దరు గోతిలో దిగి బకెట్లతో నీళ్ళు తోడుతూ ఉంటే పక్కలనుంచి మళ్ళీ వచ్చేది. పాట రెండుసార్లు పాడారు, మూడోసారి కూడా పాడారు. చివరికి నీళ్ళుండగానే దించారు. పెట్టె ఒక వైపు తేలి, తర్వాత కూర్చుంది. అక్క మొదటి గుప్పెడు మట్టి వేసి, “ఇంక ఇక్కడే ఉండరా” అంది. మిగతావాళ్ళంతా ఏడుస్తున్నారు. ఆవిడ కళ్ళు తడిలేకుండా, ఎన్నాళ్ళుగానో వెతుకుతున్నది దొరికిన మనిషి కళ్ళలా ఉన్నాయి. ఆవిడ మీద నాకు కోపం రాలేదు. వస్తే సులువుగా ఉండేది.

తిరుగు ప్రయాణంలో కారులో మాస్టారి భార్య నా పక్కనే కూర్చున్నారు.

“నేను చెయ్యగలిగేదాన్నే తమ్ముడూ,” అన్నారు వంతెన దాటాక. “నువ్వు ఊ అంటే చాలు, చేసేదాన్ని. ఆయన కూడా అదే చెప్పారు నాకు. నీకేం తోచకపోతే వాడివైపు చూడు అన్నారు.”

నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. ఆవిడ మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఇప్పటికీ కనిపిస్తే పలకరిస్తారు. ఇంట్లోకి రమ్మనరు.

రెండు నెలల తర్వాత మెడికల్ కాలేజీకి వెళ్ళాల్సి వచ్చింది. ఆయన కోసం కాదు, హాస్టల్ మంచినీళ్ళ సమస్య మీద వార్త కోసం. వరండాలో అనాటమీ మేడమ్ ఎదురయ్యారు. వెనక డిసెక్షన్ హాలు తలుపు తెరిచి ఉంది. లోపల ఒక్క బల్ల చుట్టూ తెల్లకోట్లు గుమిగూడి ఉన్నాయి. వెనక వరసలో ఒకమ్మాయి మునివేళ్ళ మీద లేచి, ముందున్నవాళ్ళ భుజాల మధ్యనుంచి చూడటానికి అటూ ఇటూ కదులుతోంది. కనపడక చివరికి ఫోన్ తీసి ఏదో వీడియో పెట్టుకుంది.

“మాస్టారెలా ఉన్నారండీ?” అన్నారు మేడమ్. “ఈ మధ్య రావడమే మానేశారు. పిల్లలకి ఒక క్లాసు చెప్పమని అడుగుదామనుకుంటున్నాను.”

“పోయారండీ. రెండు నెలలైంది.”

ఆవిడ మొహం మారిపోయింది. లోపలి బల్ల వైపు ఒకసారి చూశారు.

“మరి మాకు ఫోన్ రాలేదే?”

ఏడింటినుంచి పదింటిదాకా ఉన్న మూడు గంటలు నా నోటిదాకా వచ్చాయి.

“వాళ్ళక్కగారు ఒప్పుకోలేదండీ,” అన్నాను. “పెద్దావిడ. చదువు లేదు.”

“అయ్యో. అంతేనండి, పల్లెటూళ్ళలో అంతే. చెప్పినా అర్థం కాదు వాళ్ళకి.”

“అవునండీ,” అన్నాను.

ఆవిడ నిట్టూర్చి తలుపు దగ్గరగా వేశారు. ఏం వార్త కోసం వచ్చారని అడిగారు. నేను నోట్‌బుక్ తీసి, మంచినీళ్ళ సంగతి రాసుకోవడం మొదలుపెట్టాను.